క్రాఫ్టు పల్లె: లూయిస్ దీవిలో గ్యారనన్

స్కాట్లండ్ పడమటి తీరం దాటాక అట్లాంటిక్ సముద్రంలో ఉత్తర దక్షిణాలుగా ఒక దీవుల వరుస ఉంటుంది. దాన్ని ఔటర్ హెబ్రిడీస్ అంటారు. ఆ వరుసలో ఉత్తరపు కొసన ఉన్నది లూయిస్. ప్రధాన భూభాగంలోని అల్లాపూల్ రేవులో ఓడెక్కితే లూయిస్ రేవుపట్నం స్టోర్నోవే చేరడానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది. అక్కణ్ణించి దీవిని అడ్డంగా దాటి పడమటి ఒడ్డుకు వెళ్తే, కార్లోవే దగ్గర, రోడ్డు అయిపోయిన చోట గ్యారనన్ అనే ఊరు ఉంది (ఇంగ్లీషు పటాల్లో గారెనిన్). గుండ్రటి మూలల రాతిగోడలు, గడ్డికప్పు, గాలికి కప్పు లేచిపోకుండా దాని మీంచి లాగిన తాళ్లు, తాళ్ల కొసలకు వేలాడే బరువు రాళ్లు. కింద గులకరాళ్ల ఒడ్డు, దాని అవతల కెనడా దాకా నీళ్లే. ఫొటోలో చూసినవాళ్లు ఇది వెయ్యేళ్ల నాటి ఊరని అనుకుంటారు. కానీ ఇప్పుడు నిలిచి ఉన్న ఇళ్లు చాలావరకు 19వ శతాబ్ది రెండో సగంలో కట్టినవి. వాటిలో ఆఖరి కాపురాలు 1974 దాకా సాగాయి. మిగిలిన కొద్దిమంది ముసలివాళ్లు ఆ ఏడాది దగ్గర్లోని కొత్త ఇళ్లకు మారారు. అంటే ఈ గడ్డి కప్పుల కింద మనుషులు కాపురం ఉన్నది మహా అయితే మూడు నాలుగు తరాలు.

ఇలాంటి ఊరిని అక్కడి ఇంగ్లీషులో క్రాఫ్టింగ్ టౌన్‌షిప్ అంటారు, గేలిక్ భాషలో 'బాలె' అంటారు. మన 'ఊరు' లాగే అందులో ఇళ్లూ పొలాలూ మనుషులూ అందరూ వస్తారు. చేతిపనిని క్రాఫ్ట్ అనడం మనకు అలవాటే గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇక్కడ క్రాఫ్టు అంటే ఒక కుటుంబం చేతిలోని చిన్న కమతం, సాధారణంగా కొద్ది ఎకరాలది. దాన్ని సాగుచేసే క్రాఫ్టరు సొంతదారు కానక్కర్లేదు, ఎక్కువమంది కౌలుదారులే. కాకపోతే ఆ కౌలు తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది, దొర తలచుకున్నా ఊడబెరకలేడు. కమతాలు సముద్రపు ఒడ్డు నుంచి మెరక దాకా సన్నటి పేలికల్లా పక్కపక్కన సాగుతాయి. వాటి వెనక కొండా బురదనేలా ఊరుమ్మడి బీడు. ఏ క్రాఫ్టుకు ఎన్ని గొర్రెలు, ఎన్ని పశువులు తోలే హక్కు ఉందో లెక్క రాసి ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి ఊరి కమిటీ, ఒక గుమాస్తా ఉంటారు. స్కాట్లండ్‌లో ఇవాళ ఇలాంటి క్రాఫ్టులు 20,000కు పైనే. నియమాల మధ్య ఇరుక్కున్న నేల ముక్కనే క్రాఫ్టు అంటారని అక్కడివాళ్లే నవ్వుకుంటారు.

గేలిక్ భాష ఇవాళ ఇంటి భాషగా, వీధి భాషగా ఎక్కువగా మిగిలింది ఇలాంటి పల్లెల్లోనే. దీనికి అందరూ చెప్పే కారణం దూరం. మారుమూల కాబట్టి ఇంగ్లీషు ఆలస్యంగా వచ్చిందనీ, పాత బతుకు పాతగానే ఉండిపోయిందనీ అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ తీరం చరిత్రను వరసగా చూస్తే ఈ మాట నిలవదు. ఈ పల్లె పాతదీ కాదు, దూరం దాన్ని కాపాడనూ లేదు. భూస్వాముల లెక్కలు 19వ శతాబ్దిలో దీన్ని కొత్తగా పుట్టించాయి, 1886 నాటి చట్టం దీన్ని నిలబెట్టింది. ఆ చట్టం మనుషుల్ని నేలమీద ఉంచింది. ఉమ్మడి పని ఆ మనుషుల నోట భాషను ఉంచింది. ఈ రెండూ వేర్వేరు పనులన్న సంగతి మరిచిపోతే ఇవాళ ఆ ఊళ్లలో జరుగుతున్నది అర్థం కాదు.

ముందు ఇంటి సంగతి చూద్దాం, పాతదనే భ్రమ అక్కడే మొదలవుతుంది కనుక. ఈ గడ్డి ఇంటిని 'నల్లిల్లు' అంటారు. గోడ ఒకటి కాదు, రెండు. సున్నం లేకుండా పేర్చిన రెండు రాతి వరుసల మధ్య మట్టి దట్టిస్తారు. కప్పు లోపలి గోడ మీద కూచుంటుంది, కాబట్టి చూరు బయటికి రాదు, గాలికి పట్టు దొరకదు. ఒకే కప్పు కింద ఎగువన మనుషులు, దిగువన ఆవులు. నడిమధ్య నేల మీద పీట్ (బురదనేల నుంచి తవ్వి ఆరబెట్టిన వంటచెరకు) నిప్పు, పొగగొట్టం లేదు. పొగ గడ్డిలోకి ఇంకి నెమ్మదిగా బయటికి పోతుంది. మసి పట్టిన ఆ గడ్డిని తీసి పొలంలో ఎరువుగా వేసేవారు. కొట్టంలో పేడ చలికాలమంతా పోగుపడనిచ్చి వసంతంలో ఒక్కసారిగా ఎత్తేవారు. చూసినవాళ్లు మురికి అన్నారు గానీ, చెట్టూ కట్టెపుల్లా లేని దీవిలో వేడినీ ఎరువునూ ఒక్క చెంచాడు కూడా వృథా పోనివ్వని ఏర్పాటు అది. మరి నల్లిల్లు అన్న పేరు? సున్నంతో కట్టిన 'తెల్లిళ్లు' పక్కన లేచాక, తేడా చెప్పడానికి పాత వాటికి ఆ పేరు తగిలిందని పండితులు చాలామంది అంటారు. అదే తీరంలో కాస్త ఉత్తరాన ఆర్నల్ ఊళ్లో 42వ నంబరు ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉంది. అదీ 19వ శతాబ్దిదే, 1960ల దాకా అందులో జనం ఉన్నారు.

ఇక కమతం. 18వ శతాబ్ది దాకా హెబ్రిడీస్‌లో పొలాలు ఉమ్మడివి. ఊరంతా కలిసి కౌలుకు తీసుకుని, చాళ్లను అప్పుడప్పుడు చీట్లు వేసి మార్చుకునేవారు. 1760ల నుంచి కెల్ప్ వ్యాపారం ఊపందుకుంది. సముద్రపు నాచును కాల్చి బూడిద చేస్తే గాజుకూ సబ్బుకూ కావలసిన సోడా వస్తుంది. నెపోలియన్ యుద్ధాల కాలంలో విదేశీ సోడా రాక కష్టమై దీని ధర ఆకాశానికంటింది. లాభం భూస్వామిది, చల్లటి నీళ్లలో మోకాలిలోతు దిగి నాచు కోసే పని కౌలుదారుది. పనివాళ్లు చేజారకూడదు, అలాగని వాళ్లకు పొలమే చాలినంత ఉంటే నాచు కోయడానికి రారు. అందుకని 19వ శతాబ్ది తొలి దశకాల్లో చాలా ఎస్టేట్లు ఉమ్మడి పొలాలను చీల్చి తలా ఒక సన్నటి పేలిక పంచాయి. ఆ పేలికే క్రాఫ్టు. కుటుంబం పూర్తిగా బతకడానికి చాలకుండా, ఊరు వదిలిపోయేంత తక్కువ కాకుండా దాని కొలత. 1815లో యుద్ధం ముగిశాక కెల్ప్ ధర కుప్పకూలింది. 1846లో బంగాళాదుంపకు తెగులొచ్చింది. పని పోయింది, తిండి పోయింది, ఇరుకు పేలిక మాత్రం మిగిలింది. ఆ తర్వాత భూస్వాములకు జనం బరువయ్యారు, గొర్రెల మందలు ముద్దొచ్చాయి. మంచి ఇసుక నేలలున్న పడమటి ఒడ్డుల నుంచి ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయించారు. పక్కనున్న హారిస్‌లో అలా తరిమేసిన వాళ్లు తూర్పు ఒడ్డున బండరాళ్ల మధ్య చేరారు. అక్కడ నాచూ పీట్ మట్టీ బుట్టలతో మోసి, రాతి మీద మడులు కట్టి బంగాళాదుంప వేశారు. గొయ్యి తవ్వడానికి లోతైన మట్టి లేక, చచ్చిపోయిన వాళ్లను కొండదారిన మోసుకెళ్లి పడమటి ఒడ్డున పూడ్చేవారు. బతికుండగా వెళ్లగొట్టిన నేలకు చచ్చాక తిరిగి వెళ్లారన్నమాట.

లూయిస్‌ను 1844లో జేమ్స్ మాథెసన్ కొన్నాడు. చైనాకు నల్లమందు అమ్మి కోట్లు గడించిన జార్డిన్ మాథెసన్ కంపెనీ భాగస్వామి అతడు. ఆ నల్లమందు కలకత్తా, బొంబాయి రేవుల నుంచి పోయేది. అంటే బీహారు, మాళవ రైతుల గసగసాల చేలకూ ఈ దీవి కౌలు పుస్తకాలకూ మధ్య ఒక ముడి ఉంది. కరువులో అతడు తిండిగింజలు తెప్పించాడు, రోడ్లు వేయించాడు. 1850ల తొలి ఏళ్లలో 2,000 మందికి పైగా దీవివాసుల్ని కెనడా ఓడలెక్కించాడు కూడా. తెలుగువాళ్లకు ఈ దీవితో ఇంకా దగ్గరి సంబంధం ఒకటుంది. మన గ్రామాల కైఫీయతులు సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది స్టోర్నోవేలోనే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన కోసం ఊరూరా తిరిగి కరణాల నోట రాయించిన పల్లెల వివరాలు లేకపోతే ఆంధ్ర చరిత్రకారుల చేతిలో సగం సరుకు ఉండేది కాదు. మెకంజీ 1821లో కలకత్తాలో పోయాడు. మన ఊళ్ల మాన్యాలూ మిరాసీలూ ఆయన కాగితాల్లో నమోదయ్యే రోజుల్లోనే ఆయన సొంత దీవి చుట్టుపక్కల ఉమ్మడి పొలాలు ముక్కలవుతూ ఉన్నాయి.

మలుపు 1880లలో వచ్చింది. 1882లో స్కై దీవిలోని బ్రేస్ ఊరివాళ్లు తమ పాత మేతకొండ తమకు తిరిగివ్వాలని కౌలు ఆపేశారు. గ్లాస్గో నుంచి వచ్చిన 50 మంది దాకా పోలీసులతో ఆడవాళ్లూ మగవాళ్లూ రాళ్లతో కలియబడ్డారు. గొడవ పత్రికలకెక్కింది. మరుసటి ఏడాది నేపియర్ ప్రభువు అధ్యక్షతన కమిషన్ వేశారు. అది దీవి దీవికీ తిరిగి 700 మందికి పైగా సాక్షుల్ని విన్నది, చాలామంది గేలిక్‌లోనే చెప్పుకున్నారు. 1884 నివేదికలో ఆ కమిషన్ చేసిన ముఖ్యమైన సూచన, ఊరిని ఒక చట్టబద్ధమైన విభాగంగా గుర్తించి హక్కులు ఊరికి ఇవ్వాలన్నది. ప్రభుత్వం ఆ దారిన పోలేదు. అంతకుముందు 1881లో ఐర్లండ్ కోసం చేసిన భూచట్టాన్ని నమూనాగా తీసుకుని 1886లో క్రాఫ్టర్ల చట్టం తెచ్చింది. కౌలు కట్టినంతకాలం తొలగించరాదు, న్యాయమైన కౌలును కమిషన్ నిర్ణయిస్తుంది, కమతాన్ని వారసుడికి ఇవ్వవచ్చు, వదిలిపోతే తాను చేసిన మెరుగులకు పరిహారం పొందవచ్చు. ఈ హక్కులన్నీ విడి మనిషికే. ఊరు అనే సమూహానికి చట్టంలో చోటు దొరకలేదు. ఉమ్మడి బీడు నిర్వహణకు 1891లో ఒక చిన్న చట్టం తర్వాత చేర్చారు. ఈ తేడా అప్పట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. నూరేళ్ల తర్వాత దాని విలువ తెలిసింది.

ఇక దూరం వాదానికి జవాబు. దూరమే కాపాడేదైతే అన్నిటికన్నా దూరంగా ఉన్న ఊళ్లు అన్నిటికన్నా బాగా మిగలాలి. జరిగింది తలకిందులు. హెబ్రిడీస్‌కు పడమట సముద్రం మధ్యలో ఉన్న సెంట్ కిల్డా 1930 ఆగస్టు 29న ఖాళీ అయింది. అప్పటికి మిగిలినవాళ్లు 36 మంది. మింగులే 1912కి ఖాళీ. హారిస్ పక్కనున్న స్కార్ప్ 1971లో, టారన్సే 1974లో. ఇవన్నీ గేలిక్ ఊళ్లే, మారుమూలకే మారుమూలలు. దూరం వాటిని తినేసింది. బడి లేదు, డాక్టరు రాడు, పడవ ఆగే రేవు లేదు. మింగులే వాళ్ల సంగతి ఇంకా చిత్రం. వాళ్లూ బారా దీవి వాళ్లూ దగ్గరలోని వాటర్సే దీవిలో భూమి ఆక్రమించి గుడిసెలు వేశారు, 1908లో కొందరు జైలుకు వెళ్లారు. చివరికి 1909లో ప్రభుత్వ బోర్డే ఆ దీవిని కొని క్రాఫ్టులుగా పంచింది. వాటర్సేలో ఊరు ఇవాళా ఉంది, మింగులేలో లేదు. రెండింటి మధ్య దూరం కొన్ని మైళ్లు. వాటర్సే అంత మారుమూల కాకపోవడమూ, అక్కడ భూమికి పట్టా దొరకడమూ ఒక్కటయ్యాయి.

అయితే స్టోర్నోవే మాటేమిటని అడగవచ్చు. దీవిలో ఇంగ్లీషు ముందుగా పాతుకున్నది ఆ పట్నంలోనే. కాబట్టి పట్నానికి దూరమైన కొద్దీ గేలిక్ మిగిలిందనుకోవచ్చు. ఈ ఆక్షేపణలో సగం నిజముంది. కానీ స్టోర్నోవే పొలిమేరల్లోనే ఉన్న బ్యాక్, పాయింట్ ప్రాంతాలు 20వ శతాబ్దమంతా గట్టి గేలిక్ పల్లెలుగా నిలిచాయి. పట్నానికి పది మైళ్లలోపు ఉన్నా వాటి మాట మారలేదు, ఎందుకంటే అవి కిక్కిరిసిన క్రాఫ్టు ఊళ్లు. పడమటి ఒడ్డున ఉత్తరపు కొస దాకా ఊరిని ఊరు ఒరుసుకుంటూ సాగే బార్వాస్ ప్రాంతంలో 2011 జనగణనలో 64 శాతం మంది గేలిక్ మాట్లాడగలమని రాశారు, దేశంలోనే అది పెద్ద నిష్పత్తి. నిలిచిన చోటల్లా కనిపించేది దూరం కన్నా ముందు మనుషుల చిక్కదనం, ఆ చిక్కదనం వెనక కమతం మీద హక్కు.

ఆ హక్కు వాళ్లకు ఎంత ముఖ్యమో 1923లో తేలిపోయింది. సబ్బుల వ్యాపారి లీవర్‌హ్యూమ్ ప్రభువు 1918లో లూయిస్‌ను కొని, చేపల పరిశ్రమ కట్టి దీవివాళ్లను కూలీలుగా మార్చాలనుకున్నాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వం మాటిచ్చింది మాత్రం భూమి. 1919 జనవరి 1న ఆ సైనికుల్ని ఇంటికి తెస్తున్న ఇయోలేర్ నౌక స్టోర్నోవే రేవు వాకిట్లోనే బద్దలై 201 మంది పోయారు. మిగిలినవాళ్లు లీవర్‌హ్యూమ్ పాడి పొలాల్లో దిగి కమతాలు కొలుచుకున్నారు. చివరికి ఆయన పథకం వదిలేసి, 1923లో దీవిని జనానికే ఉచితంగా ఇస్తానన్నాడు. తీసుకున్నది స్టోర్నోవే ప్రాంతం ఒక్కటే. మిగతా పల్లెలు వద్దన్నాయి. ఉచితంగా వచ్చే భూమిని వద్దనడం పిచ్చితనంలా కనిపిస్తుంది. కానీ సొంతదారుడైతే పన్నులు నెత్తిన పడతాయి, చట్టమిచ్చిన కౌలు రక్షణ పోతుంది. భూస్వామి ఎవరైనా తమ హక్కు కదలదని వాళ్లకు తెలుసు. 1976లో క్రాఫ్టును తక్కువ ధరకు కొనుక్కునే హక్కు వచ్చాక కూడా చాలామంది కౌలుదారులుగానే ఉండిపోయారు.

హక్కు మనుషుల్ని ఉంచితే, భాషను ఉంచినది ఏది? పీట్ తవ్వకం చూస్తే తెలుస్తుంది. చెట్లు లేని దీవిలో పీటే వంటచెరకు. వేల ఏళ్లుగా కుళ్లిన నాచు బురదలో గట్టిపడితే అదే పీట్. మే నెలలో ఊరి వెనక బీడులో పై గడ్డిచెక్క తీసి, పొడవాటి ప్రత్యేకమైన పారతో కోస్తారు. పారకు ఇద్దరు కావాలి. ఒకరు పైన నిలబడి కాలితో తొక్కి కోస్తారు, మరొకరు గుంటలో నిలబడి తడి దిమ్మను చేతుల్లోకి అందుకుని గట్టు మీదికి విసురుతారు. ఇద్దరి చేతుల మధ్య మాట తప్పనిసరి. ఆరిన దిమ్మల్ని నాలుగైదు చొప్పున ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు, ఇంకా ఆరాక ఇళ్లకు తోలి, వాన జారిపోయేలా వామి వేస్తారు. ఏ ఇంటికీ సొంత మనుషులు చాలరు. ఇవాళ మీ పీట్, రేపు మాది. మన పల్లెల్లో బదులుపని అంటామే, అదే. గొర్రెల్ని కొండ నుంచి దింపి ఉన్ని కత్తిరించేటప్పుడూ అంతే, ఊరంతా దొడ్డి దగ్గరే. ఏ గొర్రె ఎవరిదో చెవిలోని కోత గుర్తును బట్టి అరిచి చెబుతారు. వేసవిలో పశువుల్ని బురదకొండల మీది గుడిసెలకు తోలుకుపోయి ఆడవాళ్లూ పిల్లలూ అక్కడే ఉండడం లూయిస్‌లో 20వ శతాబ్ది నడిమి దాకా సాగింది. రాత్రిళ్లు ఎవరింట్లోనో చేరి కబుర్లూ పాటలూ కథలూ. కేలీ అన్న మాటకు అసలు అర్థం ఇలా ఒకరింటికి వెళ్లి కూచోవడమే. ఈ పనులకు కావలసిన మాటలన్నీ గేలిక్‌లో ఉన్నాయి, ఇంగ్లీషులో సగం లేవు. భాషను కాపాడదామని ఎవరూ అనుకోలేదు. పని జరగాలంటే ఆ మాటలు కావాలి, అంతే.

ఇక్కడ రెండు గట్టి ఆక్షేపణలు ఉన్నాయి. ఒకటి, 1886 చట్టం వర్తించిన ఏడు జిల్లాల్లో ఓర్క్‌నీ, షెట్లండ్ కూడా ఉన్నాయి. అక్కడ గేలిక్ ఎన్నడూ ఊరి భాష కాదు. ఉన్న నార్న్ భాష చట్టం రాకముందే పోయింది. కౌలు హక్కు తనంతట తాను భాషను పుట్టించదు, కాపాడదు. ఒప్పుకోవలసిందే. హక్కు ఉంచేది మనుషుల్ని, వాళ్లు ఏ భాష మాట్లాడితే ఆ భాష వాళ్లతో ఉంటుంది. రెండోది ఇంకా ఇబ్బందికరం. ప్రధాన భూభాగంలో తూర్పు సదర్లండ్ తీరాన ఎంబో, బ్రోరా, గోల్స్‌పీ ఊళ్ల గేలిక్‌ను అమెరికన్ భాషావేత్త నాన్సీ డోరియన్ ఏళ్ల తరబడి పరిశీలించింది. అక్కడ చుట్టుపక్కల క్రాఫ్టర్లు ముందుగా ఇంగ్లీషుకు మారిపోయారు. చివరి దాకా గేలిక్ అంటిపెట్టుకున్నది భూమి లేని జాలర్లు. హక్కు ఉన్నవాడు భాష వదిలాడు, లేనివాడు ఉంచుకున్నాడు. అయితే ఆ జాలర్లు ఎలా బతికారో చూడండి. ఒకే వీధిలో ఇళ్లు, ఒకే పడవలో పని, తమలో తామే పెళ్లిళ్లు, బయటివాళ్ల చిన్నచూపు. భాషకు గూడు పనివాళ్ల గుంపు అన్న మాటకు ఇది ఎదురు సాక్ష్యం కాదు, నిజానికి దానికే మద్దతు. లూయిస్‌లో ఆ గుంపును కూడగట్టింది కమతం, ఎంబోలో పడవా వెలివేతా. ఏది కూడగట్టినా గుంపు చెదిరిన రోజున భాష చెదిరింది.

మరో విమర్శ ఆర్థికవేత్తలది. చాలని కమతాన్ని చట్టంతో బిగించి పేదరికాన్ని శాశ్వతం చేశారని, వదిలేసి ఉంటే కమతాలు కలిసి పెద్దవై సాగు నిలదొక్కుకునేదని. అంకెలు కొంత వాళ్ల వైపే ఉన్నాయి. లూయిస్ జనాభా 1911లో దాదాపు 30,000, 2011లో సుమారు 18,500. 1923లో మెటగామా ఓడ ఒక్కటే స్టోర్నోవే నుంచి 300 మందికి దగ్గరగా యువతీ యువకుల్ని కెనడాకు తీసుకుపోయింది. క్రాఫ్టరుకు రెండో పని లేనిదే రోజు గడవదు. హెర్రింగ్ చేపలు కోయడానికి ఆడపిల్లలు షెట్లండ్ నుంచి యార్మత్ దాకా తిరిగారు, మగవాళ్లు వ్యాపార నౌకల్లో చేరారు. ఆ రెండో పని చాలాసార్లు ఇంగ్లీషులోకి తీసుకెళ్లే దారి. కానీ కలిపి పెద్దవి చేయడం ఏమవుతుందో సదర్లండ్ లోయల్లో ముందే తేలింది, అక్కడ మందలు మిగిలాయి, మనుషులు లేరు. పైగా రెండో పని ఊళ్లోనే దొరికిన సందర్భమూ ఉంది. హారిస్ ట్వీడ్ బట్టను నేతగాళ్లు ఇంటి దగ్గర, చేతితో నేయాలి, ఉన్నిని ఈ దీవుల్లోనే అద్ది వడకాలి. 1993 పార్లమెంటు చట్టం ప్రకారం అలా నేయని బట్టకు ఆ పేరు వాడకూడదు. క్రాఫ్టు ఇంటి పక్కన షెడ్డులో తొక్కుడు మగ్గం టకటకలాడుతుంటే మనిషి ఊరు వదలక్కర్లేదు. చాలని కమతం పక్కన చాలే పని ఒకటి ఉంటే ఏర్పాటు నడిచింది. తప్పు కమతానిది అనడం కన్నా పక్క పని లేకపోవడానిది అనడం న్యాయం.

బడి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 1872 విద్యా చట్టంలో గేలిక్ ఊసే లేదు. 1918 చట్టంలో దానికోసం ఒక వాక్యం చేర్చారు. పిల్లలు ఎలాగూ పొట్టకూటికి బయటికి పోవాల్సినవాళ్లే కనుక ఇంగ్లీషు రావాలని తల్లిదండ్రులే కోరుకున్నారు. ఈ వొత్తిడి వందేళ్లు ఉన్నా ఊరి పని గేలిక్‌లో నడిచినంతకాలం భాష తట్టుకుంది. 1960ల తర్వాత ఇంధన నూనె వచ్చి పీట్ తవ్వకం తగ్గింది, గొర్రెలు తగ్గాయి, దొడ్డి రోజులు తగ్గాయి, టీవీ వచ్చి కేలీ ఇళ్లు మూగబోయాయి. కమతాలు ఉన్నాయి, హక్కులు ఉన్నాయి, మనుషుల మధ్య పని మాయమైంది. సరిగ్గా అప్పుడే బయట భాషకు గౌరవం మొదలైంది. 1973లో స్కై దీవిలో గేలిక్ కళాశాల, 1985లో గ్లాస్గో, ఇన్వర్నెస్‌లలో గేలిక్ మాధ్యమం తరగతులు, 2005లో భాషా చట్టం, 2008లో టీవీ చానల్. 2020లో దీవుల మండలి ఒకటో తరగతికి గేలిక్ మాధ్యమాన్నే ముందు ఎంపికగా చేసింది. అదే ఏడాది వెలువడిన ఒక పరిశోధన, దీవుల్లో ఊరి వ్యవహార భాషగా గేలిక్ పదేళ్లలోనే కుప్పకూలవచ్చని, నిత్యం వాడేవాళ్లు సుమారు 11,000 మందే మిగిలారని హెచ్చరించింది. బయట పెరుగుదల, పల్లెలో తరుగుదల రెండూ నిజమేనని 2022 జనగణన తేల్చింది. దేశం మొత్తంలో ఏదో ఒక మేర గేలిక్ వచ్చినవాళ్లు 1,30,000కు పెరిగారు. పశ్చిమ దీవుల్లో మాత్రం మాట్లాడేవాళ్లు, 2011లో 52 శాతం ఉన్నవాళ్లు, మొదటిసారి సగానికన్నా తగ్గారు. బడిలో నేర్చుకునే భాష పట్నాల్లో పెరిగింది, పనిలో అంటుకునే భాష పల్లెలో తగ్గింది.

భూమి వైపు కథ వేరేగా నడుస్తోంది. నేపియర్ కమిషన్ 1884లో అడిగిన ఊరి హక్కు 21వ శతాబ్దిలో మరో రూపంలో వచ్చింది. 2003 భూసంస్కరణ చట్టం క్రాఫ్టింగ్ సమాజాలకు ఎస్టేటును కొనే హక్కునిచ్చింది. లూయిస్ ఉత్తరాన గాల్సన్ ఎస్టేటులోని 22 ఊళ్లు కలిసి 2007లో 56,000 ఎకరాలు కొనుక్కున్నాయి, ఇప్పుడు భూస్వామి ఊరి ట్రస్టే. మరోవైపు క్రాఫ్టు కౌలు హక్కే బజారు సరుకైంది. సముద్రం కనిపించే కమతానికి బయటివాళ్లు పెట్టే ధర ఊరి కుర్రాడికి అందదు. చట్టం క్రాఫ్టరుకు పెట్టిన షరతులు ఇవి: కమతానికి 32 కిలోమీటర్లలోపు నివసించాలి, నేలను పాడుపెట్టకూడదు, సాగో మరో ప్రయోజనమో చూపాలి. భాష అందులో ఒక షరతు కాదు, కాగలదని కూడా ఎవరూ గట్టిగా అనలేరు, మనిషి మాతృభాషను బట్టి భూమి పంచడం ఏ చట్టానికైనా ప్రమాదమే. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన భాషల చట్టం గేలిక్‌కు అధికార హోదా ఇచ్చి, గేలిక్ గట్టిగా ఉన్న ప్రాంతాలను భాషాపరంగా ప్రత్యేకమైనవిగా గుర్తించే వీలు కల్పించింది. అలాంటి ప్రాంతంలో ఇళ్ల కేటాయింపు, బడి, పంచాయతీ పని భాష ఎలా ఉండాలో ఇంకా రాసుకోవాల్సే ఉంది.

గ్యారనన్‌లో ఇప్పుడు రెండు ఊళ్లున్నాయి. కింద గడ్డి ఇళ్ల వీధి. 1989లో ఏర్పడ్డ స్థానిక ట్రస్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది, కప్పులు కొత్త గడ్డితో వేయించింది. ఒక ఇంట్లో పాత కాపురం ఎలా ఉండేదో చూపించే ప్రదర్శన, అందులో పీట్ నిప్పు, ట్వీడ్ నేసి చూపించే మగ్గం. మిగతా ఇళ్లలో రాత్రికి అద్దె కట్టే అతిథులు, వేడినీళ్లు, వంటగది. ఏడాదిలో చాలా నెలలు ఆ వీధిలో వినిపించేది ప్రపంచం నలుమూలల భాషలు. పైన, రోడ్డు వెంబడి, రేకులో పెంకులో వేసిన మామూలు ఇళ్లు, ఇంటి వెనక పేలిక పొలాలు, తీగ కంచెలు, ట్రాక్టరు, కుక్క. ఫొటో తీసుకోవడానికి అక్కడ ఎవరూ ఆగరు. క్రాఫ్టులు ఉన్నది మాత్రం అక్కడే, ఉమ్మడి బీడుకు వెళ్లే గేటూ అక్కడే.